అప్‌డేట్: ఆ చెట్ల దారి బొమ్మ 1669దా, 1689దా?

లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న డచ్ చిత్రకారుడు హొబ్బెమా గీసిన 'మిడెల్‌హార్నిస్ దారి' (అది నెదర్లాండ్స్‌లో ఒక ఊరు) బొమ్మ గురించి అడిగాను కదా. దాని మీద వేసిన తారీఖులో ఒక అంకె చెరిగిపోయింది, ఏది నమ్మాలని. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

1689 అనే తేలింది. నన్ను ఒప్పించింది ఆ చెట్లే. ఆ దారి పక్కన వాటిని నాటింది 1664లోనట. ఐదేళ్ల మొక్కలు అంత ఎత్తు ఎలా పెరుగుతాయి? కింద కొమ్మలన్నీ కొట్టేసిన బోదెలు సన్నగా, కాస్త వంకరగా పైకి లేచి, చివర్న మాత్రం గుప్పెడు ఆకులు.

శనివారం మళ్లీ వెళ్లి చాలాసేపు నిలబడ్డాను. మట్టి దారిలో బండి చక్రాల గాళ్లు పడి ఉన్నాయి. తుపాకీతో ఒకాయన, ముందు కుక్క, మనవైపే నడిచి వస్తున్నారు. కుడిపక్క నారుమడి లాంటి తోటలో ఒక మనిషి వంగి మొక్కలు చూసుకుంటున్నాడు. నా కళ్లు మాటిమాటికీ అతని దగ్గరికే పోయాయి. పొలం పని తెలిసినవాళ్లకి ఆ వంగిన నడుము ఇట్టే అర్థమవుతుంది.

ఇంకో సంగతి: ఎక్స్‌రే తీస్తే ముందు భాగంలో ఇంకో రెండు చెట్లు కనబడ్డాయట, తర్వాత హొబ్బెమానే వాటిని చెరిపేశాడు. అందుకే ఆకాశం అంత విశాలంగా ఉంది.

ప్రకృతి దృశ్యాలు గీసే డచ్ చిత్రకారుడు రౌస్‌డాల్ శిష్యుడైన హొబ్బెమా 1668 నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌లో పన్ను కోసం వైన్ కొలిచే ఉద్యోగం చేశాడు. అన్నేళ్లు ఆ కొలతల పనిలో ఉండి కూడా ఇది గీశాడంటే నాకు కళ్లు చెమర్చాయి.