2025 జూన్ 28న లండన్‌లో ఐరన్ మెయిడెన్: కంచె దగ్గర నిలబడాలా, వెనకా?

లెస్టర్ కుర్రోడు

అన్నలూ, అక్కలూ, ఇంటర్ నుంచి ఈ హెవీ మెటల్ బ్యాండు మెయిడెన్‌ని వింటున్నాను, అదీ ఇయర్‌ఫోన్లలోనే. ఎమ్మెస్సీకి లెస్టర్ వచ్చాను కాబట్టి లండన్ స్టేడియం షోకి స్టాండింగ్ టికెట్ కొనేశాను. రూమ్మేట్స్ ఎవరికీ ఈ గోల పడదు, ఒక్కడినే వెళ్తున్నా. నా ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు, పైగా కళ్ళద్దాలు. పొద్దున్నే వెళ్ళి స్టేజీ ముందు కంచె దగ్గర చోటు పట్టాలా, వెనక ఉంటే చాలా? మాష్ పిట్ అంటే, అదే జనం ఒకరినొకరు గుద్దుకుంటూ గెంతే చోటంటే, కాస్త టెన్షన్‌గా ఉంది. ఇంకోటి, డ్రమ్స్ మీద నికో ఉండడు కదా, ఆ వెలితి తెలుస్తుందా?

పేట బేసిస్టు

తమ్ముడూ, ముందు నువ్వు ఎక్కడికి వెళ్తున్నావో చెప్పనీ. బేస్ గిటారిస్టు స్టీవ్ హారిస్ 1975 క్రిస్మస్ రోజున ఈ బ్యాండు మొదలుపెట్టింది లేటన్‌లో. నీ స్టేడియానికి అది పక్కపేటే. ఆ స్టేడియమేమో వెస్ట్ హామ్ ఫుట్‌బాల్ క్లబ్బు హోమ్ గ్రౌండు. హారిస్ ఆ క్లబ్బుకి ఎంత పిచ్చి అభిమాని అంటే వాళ్ళ గుర్తు తన బేస్ మీదే ఉంటుంది. యాభై ఏళ్ళ టూరు, సొంత పేటలో షో. గేటు ముందు పొద్దున్నించీ పడిగాపులు కాసే బదులు స్ట్రాట్‌ఫర్డ్‌లోనే ఉన్న కార్ట్ అండ్ హార్సెస్ పబ్బుకి నడిచి వెళ్ళు. కొత్తల్లో వాళ్ళు వాయించిన చోటు అది. నువ్వు తాగకపోతే పోనీ, వచ్చినవాళ్ళ టీషర్టులు చూసినా పొద్దుపోతుంది.

ఇక చోటు సంగతి. నేను వాళ్ళని మొదటిసారి చూసింది 2007 మార్చి 17న, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో. హాస్టల్ ల్యాన్‌లో ఎవడో పుణ్యాత్ముడు పెట్టిన ఎంపీత్రీలు విని పెరిగిన బ్యాచ్ మాది. కాచిగూడలో రైలెక్కాం. మైదానంలో ఈశాన్య రాష్ట్రాల నుంచి రోజుల తరబడి రైళ్ళలో వచ్చిన కుర్రాళ్ళు కలిశారు, వాళ్ళ ముందు మా ప్రయాణం ఒక లెక్కా! మొదట మన ఢిల్లీ బ్యాండు పరిక్రమ, తర్వాత స్టీవ్ కూతురు లారెన్ హారిస్. మెయిడెన్ టైమ్ అయ్యేసరికి వెనక నుంచి ఒక్క తోపు, కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభల మధ్య ఇరుక్కున్నట్టే అయింది. చేతులు కిందకి దించే జాగా కూడా లేదు.

ముందు వరసలో బాస్ డ్రమ్ దెబ్బ నేరుగా పక్కటెముకలకి తగులుతుంది, సింగర్ డికిన్సన్ గొంతు మాత్రం తల మీదుగా వెళ్ళిపోతుంది. ఎందుకంటే పెద్ద స్పీకర్లు స్టేజీకి రెండు వైపులా పైన వేలాడేస్తారు, అవి చూసేది వెనకున్న జనం వైపు. మిక్సర్ దగ్గర కూర్చున్న మనిషి తన చెవికి ఎలా వినిపిస్తే బాగుంటుందో అలా సరిచేస్తాడు. కాబట్టి మూడు గిటార్లూ విడివిడిగా తెలియాలంటే ఆ సౌండ్ డెస్క్ దగ్గరే ఉండాలి. దాని చుట్టూ కంచె ఉంటుంది. ముందు వైపు కంచెకి వీపు ఆనించి నిలబడు, వెనక నుంచి తోసేవాడు ఉండడు. నీ ఎత్తుకి అది పెద్ద వరం.

చెవులకి ప్లగ్గులు తప్పనిసరి. వంద డెసిబెల్స్ దగ్గర పావుగంట దాటితే చెవికి మంచిది కాదంటారు, అక్కడ రెండు గంటలు. మెత్తటి స్పాంజివి పెట్టుకుంటే సింబల్స్ అన్నీ దుప్పటి కప్పుకుంటాయి. సంగీతం వాయించేవాళ్ళ కోసం ఫిల్టర్‌తో చేసినవి దొరుకుతాయి, అవి కొను. అద్దాలకి వెనక నుంచి పట్టీ కట్టుకో. పిట్ అంటావా, మెయిడెన్ జనం కొట్టుకోవడం కంటే పాడటమే ఎక్కువ. ఒకవేళ గుండ్రంగా ఖాళీ ఏర్పడుతున్నట్టు కనిపిస్తే నాలుగడుగులు పక్కకి జరుగు, అంతే. ఎవరైనా పడితే చుట్టూ ఉన్నవాళ్ళే లేపుతారు, నువ్వూ లేపాలి.

స్పీకర్లలో యూఎఫ్ఓ వాళ్ళ 'డాక్టర్ డాక్టర్' మొదలైందంటే ఇక బాత్రూమ్ మాట మర్చిపో. అదే వాళ్ళు రాబోతున్నారని గుర్తు.

నికో వెలితి తెలుస్తుంది, తెలియాలి కూడా. 1982 నుంచి ఉన్న మనిషి, ఒక్క కాలితో, ఒక్క పెడల్‌తో అంత పరుగు తీయించాడు. 2024 డిసెంబరులో సావో పాలో షోతో టూర్లు చాలించాడు. ఇప్పుడు ఆయన చోట వాయిస్తున్న సైమన్ డాసన్ కొత్తవాడేం కాదు, స్టీవ్ సొంత బ్యాండు బ్రిటిష్ లయన్‌లో వాయించినవాడే. పోల్చుకుంటూ కూర్చోకు.

డాలస్ శైలజ

పేట అన్నయ్య చెప్పినదాంట్లో శాస్త్రం ఉంది గానీ, మొదటిసారి కదా, కంచె దగ్గరికే వెళ్ళు బాబూ. 2023 ఆగస్టులో ఆర్లింగ్‌టన్‌లో మెటాలికా చూశాను. స్టేజీ స్టేడియం మధ్యలో వలయంలా వేశారు, ఆ వలయం లోపల కూడా జనం. నాది ఐదడుగుల ఒక అంగుళం. కంచె పట్టుకున్నాను కాబట్టి నా ముందు ఏ ఆజానుబాహుడూ లేడు! వాళ్ళ గిటారిస్టు, సింగర్ హెట్‌ఫీల్డ్ పిక్ పట్టుకున్న వేళ్ళు కనిపించాయి. సౌండ్ ఇంటికొచ్చి లైవ్ ఆల్బమ్‌లో వినొచ్చు, వేళ్ళు వినలేం కదా. ఊపిరాడకపోతే కంచె అవతలి సెక్యూరిటీ వైపు చెయ్యి ఊపు, పైకి లాగేస్తారు. ఒంటరిగా వెళ్తున్నానని దిగులు పడకు, పక్కవాళ్ళతో మాటలు ఎలా కలుస్తాయో నీకే తెలియదు.

రావుగారబ్బాయి

ఆ డబ్బు పెట్టి వేలమంది మధ్య నిలబడి అరుపులు వినడమా? స్టూడెంట్ లైఫ్‌లో ఇవన్నీ అవసరమా బాబూ?

పేట బేసిస్టు

రావుగారూ, అరుపులు కావు, రాగం తీస్తున్నాడు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒకసారి 'హాలోడ్ బి దై నేమ్' వినండి, తర్వాత మాట్లాడుకుందాం.

లెస్టర్ కుర్రోడు

వెళ్ళొచ్చాను! గొంతు పోయింది కాబట్టి టైప్ చేస్తున్నాను. అక్కా, కంచె దాకా వెళ్ళే ధైర్యం చాలలేదు, సౌండ్ డెస్క్‌కి వీపు ఆనించాను. 'మర్డర్స్ ఇన్ ది ర్యూ మోర్గ్'తో మొదలుపెట్టారు. నా పక్కన అరవై దాటిన పెద్దాయన, చేతుల్లేని డెనిమ్ జాకెట్, దాని మీద పాత టూర్ల గుడ్డ బ్యాడ్జీలు, కొన్ని అంచులు ఊడిపోయి చేత్తో కుట్టినవి. నా ముందు ఇద్దరు పొడుగువాళ్ళు నిలబడితే ఆయనే వాళ్ళ భుజం తట్టి నన్ను చూపించాడు. వాళ్ళు చెరోవైపూ జరిగారు. 'రైమ్ ఆఫ్ ది ఏన్షియంట్ మారినర్' మధ్యలో అంతా ఆగిపోయి బేస్ ఒక్కటే నెమ్మదిగా నడుస్తుంది చూడండి, అక్కడ ఒక్కో తీగ చప్పుడూ విడిగా వినిపించింది. పేట అన్నా, దానికి నీకు దండం. ఫోన్లు లోపల పెట్టండని బ్యాండు ముందే అడిగింది గానీ, 'ఫియర్ ఆఫ్ ది డార్క్'కి సగంమంది తీసేశారు. నేను తీయలేదు, రెండు చేతులూ పైనే ఉన్నాయి.

సైమన్ బాగా వాయించాడు. కొన్ని చోట్ల నికో అయితే ఇంకాస్త సాగదీసి కొట్టేవాడనిపించింది, అంతే.

టీషర్టుల క్యూ చూసి భయపడి కొనలేదు. లండన్ షోది మీడియం సైజు ఎవరి దగ్గరైనా అదనంగా ఉంటే చెప్పండి, పోస్టు ఖర్చు నాది.