యూ (yew అనే చెట్టు) కర్ర విల్లు పక్కకి మెలి తిరుగుతోంది, వేడి పెట్టి సరిచేయొచ్చా?

నేనే చెక్కుకున్న యూ విల్లు, రెండేళ్లయింది. మొదట్లో నారి ఎక్కిస్తే సరిగ్గా పిడి మధ్యకి వచ్చేది, ఇప్పుడు విల్లు కింది సగం ఎడమకి మెలి తిరిగి నారి పిడి అంచుని రాసుకుంటూ పోతోంది. నారి విప్పాక కూడా కాస్త నావైపు వంగే ఉంటోంది, అది వాడకం వల్ల అనుకుని వదిలేశా గానీ ఈ మెలికే టెన్షన్ పెడుతోంది. మెలి మొదలైన చోట చిన్న ముడి ఉంది, అక్కడ బయటి తెల్ల చెక్క ఒక పక్క మందంగా, ఇంకో పక్క గోరంత పల్చగా ఉంది (ఆ రోజు బద్ధకించాను, ఒప్పుకుంటా).

తేమ మారినప్పుడు తెల్ల చెక్క, లోపలి ఎర్ర చేవ ఒకేలా కుంచించుకోకపోవడమే కారణమా, లేక పూర్తిగా ఆరకముందే చెక్కేశానా? ఆవిరి పడితే మళ్ళీ తేమ ఎక్కుతుందేమో, హీట్ గన్ (వేడి గాలి ఊదే మెషీన్) పెడితే తెల్ల చెక్క పగులుతుందేమో. అసలు వేడి జోలికి పోకుండా కుడి అంచు కొంచెం గీకి సరిచేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?