యూఎన్‌ఎల్‌వీ బాస్కెట్‌బాల్ మళ్లీ ఎందుకు కోలుకోలేదు?

1990 అమెరికా కళాశాల బాస్కెట్‌బాల్ ఫైనల్లో డ్యూక్ విశ్వవిద్యాలయాన్ని 103-73తో చిత్తుచేసి జాతీయ విజేతగా నిలిచిన యూఎన్‌ఎల్‌వీ (లాస్ వేగాస్‌లోని నెవాడా విశ్వవిద్యాలయ జట్టు), మరుసటి ఏడాది ఓటమి ఎరుగకుండా సెమీఫైనల్‌కు చేరి అదే డ్యూక్ చేతిలో ఓడింది. 1992లో కోచ్ జెర్రీ టార్కానియన్ వైదొలగాక ఆ వైభవం తిరిగి రాలేదు. 2013 తరువాత ఎన్నో ఏళ్లపాటు ఎన్‌సీఏఏ (అమెరికా కళాశాల క్రీడల నియంత్రణ సంస్థ) జరిపే జాతీయ టోర్నమెంటులో చోటే దక్కలేదు.

ఎన్‌సీఏఏతో నడిచిన సుదీర్ఘ వివాదాలు, ఆంక్షలే దీనికి మూలమని చాలామంది అంటారు. అయితే ఆంక్షలు ముగిసి దశాబ్దాలు గడిచినా జట్టు లేవలేకపోవడానికి ఆ కారణం ఒక్కటే చాలదని నా అభిప్రాయం. తరచూ కోచ్‌లను మార్చడమా, పెద్ద కాన్ఫరెన్సులకు (కళాశాల జట్ల లీగులకు) దక్కే టీవీ ఆదాయం లేకపోవడమా, ఏది ఎక్కువ దెబ్బతీసిందో అమెరికా కళాశాల క్రీడలను దగ్గరగా గమనించినవారు దయచేసి వివరించగలరా?