బోరు నీళ్లల్ల మైల్డ్ స్టీల్: ఎల్పీఆర్ రేటు, కూపన్ రేటు కలుస్తలేవు

మర్రిగూడ_బోరు:
మర్రిగూడ దిక్కు బోరు నీళ్లల్ల మైల్డ్ స్టీల్ తుప్పు రేటు చూస్తున్నం. నీటి కండక్టివిటీ సెం.మీ.కు 1100 మైక్రోసీమెన్స్, బోరు కాడ పీహెచ్ 7.3. నమూనా 1 చ.సెం.మీ., ప్లాటినం కౌంటర్, కాలోమెల్ రిఫరెన్స్, దాని కొన నమూనాకు సెంటీమీటరు దూరం. గంటసేపు ఓసీపీ (బయటి కరెంటు లేనప్పుడు నమూనాకు తనంతట ఉండే వోల్టేజీ) నిలబడనిచ్చి, ఎల్పీఆర్ పద్ధతిల, అంటే దానికి అటూఇటూ ±20 మిల్లీవోల్టులు, సెకనుకు 0.167 మి.వో. స్పీడుతో స్కాన్ చేస్తే ఆర్పీ (ఆ చిన్న వోల్టేజీ మార్పుకు నమూనా చూపే నిరోధం) 2900 ఓమ్·చ.సెం.మీ. వచ్చింది. ఆర్పీని తుప్పు కరెంటుగ మార్చే బీ విలువ 26 మి.వో. పెడితే చ.సెం.మీ.కు 9 మైక్రోఆంపియర్లు, ఇనుము గుణకం 0.0116తో గుణిస్తే ఏడాదికి 0.104 మి.మీ. అవే నీళ్లల్ల 500 మి.లీ. బీకర్‌లో 30 రోజులు వేలాడదీసిన 50×25×2 మి.మీ. కూపన్ (తూకం ఎంత తగ్గిందో చూసే స్టీల్ ముక్క) మాత్రం 489 మి.గ్రా. తగ్గింది. అది 0.27 మి.మీ. అవుతున్నది. టాఫెల్ (వోల్టేజీకి కరెంటు లాగరిథం గ్రాఫు) గీద్దామంటే కాథోడిక్ వైపు వాలే దొరకదు, గీత నిలువుగా కిందికి పోతున్నది. ఏ లెక్క నమ్మాలె?

పాలమూరు_పొటెన్షియోస్టాట్:
ఆ నిలువు గీత మీ పొరపాటు కాదు. గాలి కలిసిన తటస్థ నీళ్లలో కాథోడ్ దగ్గర జరిగేది ఆక్సిజన్ రిడక్షన్, అది నీళ్లలోంచి ఎంత వేగంగా వచ్చి చేరితే కరెంటు అంతే. లీటరుకు 8 మి.గ్రా. ఆక్సిజన్, కదలని నీళ్లలో అర మి.మీ. డిఫ్యూజన్ పొర అనుకుంటే పరిమితి సుమారు 40 మైక్రోఆంపియర్లు. మీ కూపన్ చెప్పేది 23, ఆ లోపలే ఉంది.

26 అనే బీ ఎక్కడిది? టాఫెల్ గ్రాఫులో అనోడిక్ (స్టీల్ కరిగే వైపు), కాథోడిక్ వాలులు రెండూ 120 మి.వో. అనుకుంటే వచ్చేది. మీ దగ్గర కాథోడిక్ వాలు అనంతం కిందే లెక్క, కాబట్టి బీ అంటే అనోడిక్ వాలు ÷ 2.303. అది 120 అయితే 52, 60 అయితే మళ్లీ 26. అందుకే పుస్తకంలోది పెట్టొద్దు, మీ గ్రాఫులోంచి తీయండి. ఓసీపీకి 50 మి.వో. దాటిన తర్వాతి భాగమే తీసుకోండి, అదీ ఐఆర్ (నీటి నిరోధకత మింగే వోల్టేజీ) సవరించాకే. లేకపోతే వాలు ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది.

తుప్పుపట్టిన_వాల్వ్:
పై మాట సరే గానీ, ముందు ఆర్పీనే అనుమానించాలె. 1100 మైక్రోసీమెన్స్ అంటే నీటి నిరోధకత దాదాపు 900 ఓమ్·సెం.మీ. రిఫరెన్స్ కొన సెంటీమీటరు దూరంల ఉంటే ఆ 900 మీ 2900లో కలిసిపోయింది. అసలు ఆర్పీ 2000 చుట్టూ ఉంటది. బీ 26 పెడితే 0.15, 52 పెడితే 0.30. మీ కూపన్ ఈ రెండిటి నడుమనే పడ్డది చూడుండ్రి.

లగ్గిన్ కొనను, అంటే రిఫరెన్స్ గొట్టం కొనను, దాని బయటి వ్యాసానికి రెండింతల దూరంల పెట్టుండ్రి. ఇంకా దగ్గరికి జరిపితే కొనే నమూనాకు అడ్డం పడతది. మిగిలిన నిరోధకత ఇంపీడెన్స్‌తో (ఏసీ వోల్టేజీ ఇచ్చి కొలుచుడు) తీసెయ్యాలె: 100 కిలోహెర్ట్జ్ నుంచి 10 మిల్లీహెర్ట్జ్ దాకా, 10 మి.వో. ఆంప్లిట్యూడ్. పై ఫ్రీక్వెన్సీ కాడ గ్రాఫు అడ్డ అక్షాన్ని తాకిన విలువ నీటి నిరోధకతది. కండక్టివిటీ పెంచుదామని ఉప్పు మాత్రం వెయ్యొద్దు, క్లోరైడ్ కలిస్తే అది మర్రిగూడ నీళ్లు కాదు. వరుస కూడా ముఖ్యం: ఎల్పీఆర్, ఇంపీడెన్స్ అయినంకనే టాఫెల్. పెద్ద స్కాన్‌తో ఉపరితలం పాడైతది.

నల్లగొండ_నీళ్లు:
కూపన్‌నూ ఊరికే నమ్మకండి. మొదటి గంటలో కొలిచిన రేటు సాధారణంగా నెల సగటుకన్నా ఎక్కువ ఉండాలి, పొర కట్టేకొద్దీ తగ్గుతుంది. మీకు తక్కువ వచ్చిందంటే పై ఇద్దరూ చెప్పింది నిజమే. అయినా ఒక్క రీడింగుతో నెలను పోల్చకుండా 1, 3, 7, 15, 30 రోజులకు ఎల్పీఆర్ తీసి సగటు కట్టండి.

28 చ.సెం.మీ. కూపన్‌కు 500 మి.లీ. చాలవు. చ.సెం.మీ.కు కనీసం 20 మి.లీ. కావాలి, లీటరు బీకర్ వాడండి. తుప్పు కడగడానికి హెక్సామిన్ 3.5 గ్రా., గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 500 మి.లీ., మొత్తం లీటరు అయ్యేలా నీళ్లు. గది వేడిలో 10 నిమిషాలు. పక్కనే తుప్పు పట్టని కూపన్‌ను కూడా ముంచి, దాని నష్టం తీసివేయండి.

అసలు చిక్కు నీళ్లతోనే. సీసా మూత తీస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ 8 దాటుతుంది, స్టీల్ మీద తెల్లగా కాల్షియం కార్బనేట్ పేరుకుంటుంది. సీసాను గాలి లేకుండా అంచుదాకా నింపి, అదే రోజు పరీక్ష మొదలుపెట్టండి.

మర్రిగూడ_బోరు:
సమజైంది. ఇదే సెల్‌లో జీఐ (జింకు పూత) పైపు ముక్క పెడితే 0.0116 గుణకం పనిచేస్తదా?

తుప్పుపట్టిన_వాల్వ్:
చెయ్యదు, అది ఇనుముకే. జింకుకు 0.0150. కొలిచే ముందు ఓసీపీ చూడుండ్రి: కాలోమెల్‌తో −1.0 వోల్టు దగ్గరుంటే జింకు ఇంకా ఉన్నట్టు. −0.65 దిక్కు వచ్చిందంటే పూత పోయి ఇనుము బయటపడుతున్నట్టు, అప్పుడు రెండు గుణకాల్లో ఏదీ సరిపోదు. పైపు కోసిన అంచుల్ని ఎపాక్సీతో మూసుడు మరవకుండ్రి, ఆడ బట్టబయలైన ఇనుము మొత్తం రీడింగును లాగేస్తది.