అమ్మా నాన్నా బాగానే ఉన్నాయి, పిల్లకి మాత్రం వంశపారంపర్య కండరాల జబ్బా?

లాబీ_నాన్న:
మా లాబ్రడార్ పిల్లకి నాలుగు నెలలు, మగది. కొన్నాళ్లుగా వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతుతోంది. కాస్త నడిస్తే చాలు, తల వేలాడేసి కూలబడుతుంది. చలిగా ఉంటే మరీను. బరువూ పెరగట్లేదు. డాక్టర్ గారు మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో తట్టి చూశారు, కాలు ఉలకలేదు పలకలేదు. డీఎన్ఏ టెస్ట్ చేయిద్దాం అన్నారు. దీని అమ్మానాన్నలు చక్కగా పరిగెత్తడం నేను కళ్లారా చూశాను. మరి దీనికెలా వస్తుంది? చాలా టెన్షన్‌గా ఉంది.

బౌబౌ:
కాల్షియం తక్కువై ఉంటుందండీ. సిరప్ పట్టించండి, సర్దుకుంటుంది.

పశువైద్యుడు:
బౌబౌ గారూ, ఆ సలహా వద్దండీ. పెరిగే పెద్దజాతి పిల్లకి అడ్డదిడ్డంగా కాల్షియం పోస్తే ఎముకలు వంకరపోతాయి.

మీ డాక్టర్ గారి అనుమానం సబబే. లాబ్రడార్లలో సెంట్రోన్యూక్లియర్ మయోపతి అని వంశపారంపర్య కండరాల జబ్బు ఒకటుంది. పీటీపీఎల్ఏ అనే జన్యువు మధ్యలో అదనపు డీఎన్ఏ ముక్క ఒకటి వచ్చి ఇరుక్కోవడం వల్ల వస్తుందని 2005లో తేల్చారు. ప్రతి కుక్కలోనూ ఈ జన్యువు రెండు కాపీలుంటాయి, తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి. ఒకటి బాగున్నా కండరాలకి లోటు రాదు. కాబట్టి ఈ జబ్బే అయితే మీరు చూసిన రెండూ క్యారియర్లే, అంటే ఒక కాపీ చెడి, ఒకటి బాగున్నవి. వాటిని ఎంత పరిగెత్తించి చూసినా ఆ సంగతి బయటపడదు. అలాంటి రెండింటిని కలిపితే పుట్టే ఒక్కో పిల్లకీ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. అలాగని ఎనిమిది పిల్లల్లో సరిగ్గా రెండిటికే వస్తుందని కాదు. ఒక్కదానికీ రాకపోవచ్చు, నాలుగింటికి రావచ్చు. 'మా లైన్‌లో ఈ జబ్బే లేదు' అనే బ్రీడర్లు చాలామంది అబద్ధం చెప్పరు, నిజంగానే అలా నమ్ముతారు.

మగపిల్ల కాబట్టి ఇలాంటిదే మరో కండరాల జబ్బు తెచ్చే ఎంటీఎం1 జన్యువు కూడా చూడమనండి. అది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగకుక్కకి ఎక్స్ ఒక్కటే, అదీ తల్లి ఇచ్చిందే. అందులో తేడా ఉంటే ఆదుకోడానికి రెండో కాపీ లేదు, తండ్రికి సంబంధమే లేదు. ఆ జబ్బు త్వరగా ముదురుతుంది. రక్తంలో సీకే (కండరాలు దెబ్బతింటే పెరిగే ఎంజైమ్) కూడా చూపించండి. గోల్డెన్ రిట్రీవర్లలో పేరుమోసిన డిస్ట్రోఫిన్ అనే కండరాల ప్రోటీన్ లోపమైతే సీకే ఆకాశాన్నంటుతుంది. సెంట్రోన్యూక్లియర్‌లో మామూలుగానో, కొంచెం ఎక్కువగానో ఉంటుంది.

డీఎన్ఏకి చెంప లోపలి నుంచి స్వాబ్ తీస్తే, తిన్న వెంటనే తీయకండి.

లాబీ_నాన్న:
చాలా థాంక్స్ సార్. సెంట్రోన్యూక్లియర్ అనే తేలితే?

పశువైద్యుడు:
నయం చేసే మందు లేదు. కానీ ఏడాది వయసు దాటాక సాధారణంగా ఇక ముదరదు, నిండు ఆయుష్షు బతికేవీ ఉన్నాయి. చలి తగలనివ్వకండి, అలసిపోయేదాకా ఆడించకండి. తిన్నది తిన్నట్టే బయటికి వచ్చేస్తుంటే వెంటనే డాక్టర్‌కి చెప్పండి, అన్నవాహిక సాగిపోయి ఉండొచ్చు.

తోబుట్టువులకీ టెస్ట్ చేయించమనండి. క్యారియర్ అని తేలినదాన్ని జాతి నుంచి వెలివేయక్కర్లేదు. క్లియర్ కుక్కతో (రెండు కాపీలూ బాగున్నదానితో) జత కట్టిస్తే జబ్బు పిల్ల పుట్టదు. మీ పిల్ల అమ్మానాన్నలని మాత్రం మళ్లీ కలపొద్దని బ్రీడర్‌కి రిపోర్టు జతచేసి రాతపూర్వకంగా పంపండి. ఫోన్‌లో చెప్తే 'అలాగే' అంటారు, అంతే.