మా జంపఖానాల పేరుకు మరొకరు ట్రేడ్‌మార్క్ దరఖాస్తు పెట్టారు, ఎలా అడ్డుకోవాలి?

వరంగల్ కొత్తవాడలో మాది జంపఖానాలు నేయించి అమ్మే కుటుంబం. నాన్నగారి కాలం నుంచి ప్రతి జంపఖానా మూలన ఒకే పేరున్న చీటీ కుడుతున్నాం. రిజిస్ట్రేషన్ మాత్రం లేదు. మా దగ్గరే సరుకు కొనే ఒక హైదరాబాద్ వ్యాపారి ఇప్పుడు అదే పేరుకు 27వ తరగతిలో (తివాచీలు, చాపల వంటి సరుకుల విభాగం) దరఖాస్తు పెట్టారు, ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో ప్రకటన కూడా వచ్చింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదే!

ప్రకటన వెలువడిన నాలుగు నెలల్లోగా అభ్యంతరం దాఖలు చేయాలని తెలుసు. 1999 నాటి ట్రేడ్‌మార్క్ చట్టంలోని 34వ సెక్షన్ ముందు నుంచి వాడుతున్నవారికి రక్షణ ఇస్తుందని కూడా చదివాను. నా చిక్కంతా రుజువుల దగ్గరే. పాత బిల్లులు చేతిరాతవి. వాటిపై మా ఇంటిపేరు ఉంది గానీ చీటీ మీది పేరు లేదు. చీటీలు అచ్చువేసిన ప్రెస్సు రసీదులు కొన్ని, ప్రదర్శనల్లో తీసిన ఫొటోలు ఉన్నాయి. వీటికి పాత కొనుగోలుదారుల అఫిడవిట్లు జోడిస్తే నిలబడతాయా?

వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది కాబట్టి భయం లేదని మా వీధిలో కొందరంటున్నారు. నాకు నమ్మకం లేదు. అది ఊరి పేరుకు రక్షణ, మా చీటీకి కాదు. అయినా ఆ గుర్తింపును వాడుకునే హక్కున్న అధీకృత వినియోగదారుగా నమోదైతే ఈ వివాదంలో ఏమైనా పనికొస్తుందా?

అభ్యంతరంతో పాటే మా పేరున దరఖాస్తు పెట్టడం మంచిదా, తేలేదాకా ఆగాలా? ఇలాంటి కేసు చూసినవారు దయచేసి చెప్పండి.