మెట్ట చేను పత్తికి కౌలుకివ్వాలా? గట్లు, బీడు ఏం చెయ్యాలి?

కొర్రచేను
మాది నందికొట్కూరు వైపు, రోళ్లపాడు అభయారణ్యానికి ఆరేడు కిలోమీటర్లు. నాన్నకు తొమ్మిదెకరాలు, అందులో రెండు రాళ్ల బీడు. ఇన్నేళ్లూ వానను నమ్ముకునే కొర్ర, జొన్న, మధ్యలో కంది సాళ్లు వేసేవాడు. మందు కొట్టింది తక్కువ, మిగిలిందీ తక్కువే. ఇప్పుడు మోకాళ్లు సహకరించడం లేదు. ఒకాయన కౌలుకు అడుగుతున్నాడు, మంచి రేటే, కానీ గట్లు చెరిపి, బీడు డోజర్‌తో చదును చేసి, బోరు వేసి పత్తి పెడతాడట.

మొన్న మృగశిరలో గుంటక తోలుతూ నాన్న ఎడ్లను టక్కున ఆపాడు. ఏంటా అని వెళ్లి చూస్తే నాలుగు తీతువు గుడ్లు, మట్టిపెడ్డల్లో కలిసిపోయి ఉన్నాయి, వేలు పెట్టి చూపిస్తే గానీ నాకు కనబడలేదు. చుట్టూ రాళ్లు పెట్టి, ఆ మేర వదిలేసి తోలాడు. కౌలుదారు ట్రాక్టర్ అలా ఆగుతుందా? ఇదంతా నా సెంటిమెంటేనా, లేక ఇలాంటి చేనుకు నిజంగా విలువ ఉందా?

పిల్లిగద్ద
సెంటిమెంట్ కాదు బ్రో. రోళ్లపాడునే చూడు. బట్టమేక పిట్ట కోసం 1988లో 614 హెక్టార్లు అభయారణ్యం చేశారు. కానీ పుంజు 15 కిలోల దాకా తూగే ఆ పక్షి కంచె లోపలే ఎక్కడ ఉంటుంది? మేతకు మీ నాన్నలాంటి వాళ్ల చేలలోకే వచ్చేది, మిడతలు, పురుగులు, రాలిన గింజలు ఏరుకునేది. పెట్ట ఒక్కటే గుడ్డు పెడుతుంది, అదీ నేలమీద. తర్వాత అలగనూరు రిజర్వాయరు, కాలువ నీళ్లు వచ్చాయి, చుట్టూ పంటలు మారాయి. గడ్డి లోపల మిగిలింది, మేతచేలు బయట పోయాయి. ఇప్పుడు అక్కడ బట్టమేకను చూశామనేవాళ్లే అరుదు, దేశంలో మిగిలినవి ఎక్కువగా జైసల్మేర్ వైపే. చలికాలంలో వలసొచ్చే పిల్లిగద్దలూ అంతే, రాత్రి గడ్డిలో పడుకుంటాయి, పగలంతా చేలమీద ఎలుకలు, మిడతల వేట. నీ రెండెకరాల బీడు వాటికి వంటిల్లు.

శనగరైతు
బాగుంది, వంటిల్లు వాళ్లది, కరెంటు బిల్లు మాది. కృష్ణజింకల సంగతి ఎవరూ మాట్లాడరేం? శనగ మొలక రాగానే మందగా దిగుతాయి, తెల్లారేసరికి సాళ్లు బోడి. మంచె మీద కాపలా పడుకుని నడుము విరిగింది. నష్టపరిహారానికి ఫొటోలు, పాస్‌బుక్కు కాపీలు పట్టుకుని ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాను, వచ్చినవి విత్తనం ఖర్చుకు కూడా చాలలేదు. పక్షులంటే నాకూ ఇష్టమే. కానీ పట్నంలో కూర్చుని బైనాక్యులర్ తుడుచుకునేవాళ్లు పత్తి వెయ్యొద్దంటే మండుతుంది.

పిల్లిగద్ద
అన్నా, పత్తి వెయ్యొద్దని నేనెక్కడ అన్నాను?

పాత సాలు
శనగరైతు అన్న కోపం న్యాయమైనదే. మధ్యప్రదేశ్‌లో కరేరా అని ఉంది, అది కూడా బట్టమేక కోసమే. 30కి పైగా ఊళ్ల పొలాలు కలిపేసి అభయారణ్యం అన్నారు, తన పొలం తనే అమ్ముకోవడానికి లేకుండా చేశారు, ఇంకోపక్క జింకలు పెరిగి పంట తిన్నాయి. అలాంటప్పుడు గుడ్డు కనబడితే రైతు చుట్టూ రాళ్లు పెడతాడా? పక్షులు పోయాయి, చివరికి అభయారణ్యం హోదా కూడా ఎత్తేశారు.

కొర్రచేను తమ్ముడూ, మొత్తం ఇవ్వాలా, ఆపాలా అని ఎందుకు తల బద్దలు కొట్టుకుంటావు? నాలుగెకరాలు ఇవ్వు. కాగితం 11 నెలలకే రాయించు, అందులో గట్లు చెరపకూడదు, గట్టుమీద రేగు, తుమ్మ కొట్టకూడదు, బోరు వెయ్యకూడదు అని రాయించు. నోటిమాట నమ్మకు, డోజర్ ఒక్క పూటలో పని కానిచ్చేస్తుంది, తర్వాత గొడవపడి లాభం లేదు. బోరు లేకపోతే ఆయన రేటు తగ్గిస్తాడు, అది ముందే అనుకో. బీడు జోలికి అసలు రానివ్వకు, మేకలను పిలిచి మేపించుకో, ఎరువు మిగులుతుంది. మిగిలిన మూడెకరాల్లో నాన్న ఓపిక ఉన్నంత కొర్ర వెయ్యనీ. మీ మండలంలో ప్రకృతి వ్యవసాయం వాళ్లుంటే కలువు, వానలకు ముందే నవధాన్యాలు చల్లే పద్ధతి చూపిస్తారు, దానికి దున్నకం కూడా పెద్దగా అక్కర్లేదు, మోకాళ్లకు మంచిది. పక్షుల కోసం డబ్బులిస్తారని మాత్రం ఎదురుచూడకు.

కొర్రచేను
థ్యాంక్స్ అన్నా. నాన్నకు చదివి వినిపించాను. బట్టమేక పేరు వినగానే లేచి కూర్చున్నాడు, చిన్నప్పుడు మేకలు కాస్తుంటే గడ్డిలోంచి మనిషంత పక్షి లేచిందట, భయపడి పరిగెత్తాడట. నాకు ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదు. కౌలాయనతో నాలుగెకరాలని మాట్లాడాను, బోరు లేకపోతే సగం రేటే అంటున్నాడు. శనగరైతు అన్నా, మీ ఊరెక్కడ? జింకలకు మీరు ఏ కంచె వాడుతున్నారో చెప్పండి.